జారిపోయిన దాగలి

ద్విచక్ర వాహనం మీద నుంచి పడిన తమ్ముడికి సీటీ స్కాన్‌లో మెదడుకు ప్రమాదమేమీ లేదని తేలిందనీ, రెండు నెలలైనా ఆ వైపు చెవి మాత్రం సరిగా వినిపించడం లేదనీ, స్కాన్‌లో పొరపాటు జరిగిందా అనీ ఒక పాఠకురాలు అడిగారు. పొరపాటు జరగనక్కరలేదు. మెదడులో రక్తస్రావాన్ని వెతికే స్కాన్‌ను చాలాచోట్ల సుమారు 5 మిల్లీమీటర్ల మందపు పొరలుగా చూస్తారు. కర్ణభేరి నుంచి లోపలి చెవికి శబ్దాన్ని చేరవేసే మూడు చిన్న ఎముకల్లో (కూటకం, దాగలి, అంకవన్నె) చివరిదైన అంకవన్నె ఎత్తు దాదాపు 3 మిల్లీమీటర్లే కాబట్టి, ఆ ఎముక మొత్తం ఒక్క పొరలోనే మునిగిపోతుంది. చెవి లోపలి భాగాలు ఇమిడి ఉండే కణత ఎముకను పరీక్షించాలంటే 1 మిల్లీమీటరు కన్నా పలచని పొరలు, ఎముక అంచులను పదునుగా చూపేలా కంప్యూటర్‌లో చేసే చిత్ర పునర్నిర్మాణం కావాలి.

అలాంటి పొరల్లో నాకు అత్యంత ఇష్టమైన దృశ్యం ఐస్‌క్రీమ్ కోన్. మధ్యచెవి పైభాగాన్ని అడ్డంగా కోసి చూస్తే కూటకం తల గుండ్రని ఐస్‌క్రీమ్ ముద్దలాగా, దాగలి దానిని పట్టుకున్న కోన్‌లాగా కనిపిస్తాయి. ముద్దకూ కోన్‌కూ మధ్య ఖాళీ ఏర్పడినా, ముద్ద పక్కకు ఒరిగినా కీలు ఊడిందని అర్థం. రెండో చెవి కూడా అదే స్కాన్‌లో ఉంటుంది కనుక పోల్చి చూసుకోవచ్చు. అయితే కోన్ చక్కగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. ఎక్కువగా ఊడేది దాగలి పొడవాటి కాడ అంకవన్నెను కలిసే కీలు. అది ఇంకా కింది పొరల్లో ఉంటుంది. దాగలికే ఈ కష్టం ఎందుకంటే, కూటకాన్ని కర్ణభేరి పట్టుకుని ఉంటుంది, అంకవన్నె పాదాన్ని లోపలి చెవికి ద్వారమైన అండాకార గవాక్షంలో వలయ స్నాయువు బిగించి ఉంచుతుంది, బరువైన దాగలి మాత్రం బలహీనమైన స్నాయువుల ఆధారంతో ఆ రెండింటి మధ్య వేలాడుతుంది.

కణత ఎముక విరుగుళ్లను పూర్వం నిలువు, అడ్డం అని విభజించేవారు. ఇప్పుడు అడిగే ముఖ్యమైన ప్రశ్న, పగులు లోపలి చెవిని కప్పి ఉంచే గట్టి ఎముక గుళికను చీల్చిందా లేదా అన్నది. 90 శాతానికి పైగా విరుగుళ్లు దానిని తప్పించుకుని పోతాయి. చీలిస్తే శాశ్వత వినికిడి నష్టం, ముఖనాడి పక్షవాతం, మెదడు చుట్టూ ఉండే ద్రవం కారడం వంటి ముప్పులు బాగా పెరుగుతాయి. లోపలి చెవిలో కనిపించే చిన్న గాలి బుడగ కూడా అలాంటి చీలికకు సూచనే. పగులు మెదడుకు రక్తాన్ని తీసుకెళ్లే కెరోటిడ్ ధమని కాలువను తాకితే రక్తనాళాల సీటీ కూడా తీయిస్తారు. సహజమైన ఎముక అతుకులు, సన్నని నాళాలు సైతం పగుళ్లలాగా కనిపిస్తాయి కనుక చదివేవారికి అనుభవం తప్పనిసరి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దెబ్బ తగిలిన చెవి నుంచి రక్తమో నీరో కారుతుంటే అందులో వెచ్చని నూనె పోయకండి. ఆ నీరు మెదడు ద్రవమే అయితే, అది బయటికి వచ్చే దారిలోనే సూక్ష్మజీవులు లోపలికి చేరి మెదడు పొరల వాపుకు కారణం కావచ్చు.

ఇక ఆ తమ్ముడి సంగతి. మధ్యచెవిలో చేరిన రక్తం సాధారణంగా కొన్ని వారాల్లో ఇంకిపోతుంది. రెండు నెలల తరువాత కూడా వినికిడి పరీక్షలో శబ్ద ప్రసరణ లోపం (శబ్దం లోపలి చెవి దాకా సరిగా చేరకపోవడం) కనిపిస్తే, చెవి వైద్యులను కలిసి పలచని పొరల సీటీ గురించి అడగాలి. దాగలి జారిందని తేలితే, శస్త్రచికిత్సకులు కొన్నిసార్లు ఆ ఎముకనే బయటికి తీసి, చెక్కి, కూటకానికీ అంకవన్నెకూ మధ్య తిరిగి అమరుస్తారు.