పాలలో విప్పని కాడి

తిరుపతిలో చదువుకుంటున్న ఒకమ్మాయి అడిగింది: "పొద్దున గ్లాసు పాలు తాగితే మధ్యాహ్నం దాకా కడుపు ఉబ్బరంగా ఉంటుంది. పెరుగన్నం తింటే ఏమీ కాదు. పాలు, తెల్లన్నం తగ్గించమంటున్నారు. తగ్గించాలా?" పాలు పడనివాళ్లకి పెరుగు ఎలా పడుతుంది? అసలు సంగతంతా అక్కడే ఉంది.

పాలలోని చక్కెర లాక్టోజ్. గ్లూకోజ్, గెలాక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు అందులో ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లా ఉంటాయి. చిన్నపేగు గోడలోంచి రక్తంలోకి పోయే వాకిలి ఒక్కో ఎద్దుకే సరిపోతుంది, జత పట్టదు. కాడి విప్పే పని లాక్టేజ్ అనే ఎంజైముది. పసిపిల్లల్లో అది పుష్కలం. పెద్దయ్యేకొద్దీ ప్రపంచంలో సుమారు మూడింట రెండొంతుల మందిలో తగ్గిపోతుంది. ఇది జబ్బు కాదు, పాలిచ్చే జంతువులన్నిట్లో మామూలే. తగ్గనివాళ్లలోనే మార్పు జరిగింది. రెండో క్రోమోజోములో, లాక్టేజ్ జన్యువుకి 13,910 డీఎన్ఏ అక్షరాల ముందు, 'సి' అనే అక్షరం ఉండాల్సిన చోట వాళ్లలో చాలామందికి 'టి' ఉంటుంది. 2002లో ఫిన్లాండ్ పరిశోధకులు దీన్ని పట్టుకున్నారు. ఈ 'టి' మన వాయవ్య రాష్ట్రాల్లో ఎక్కువ, దక్షిణాదిన తక్కువ.

విప్పని జత పేగులోకి నీళ్లు లాక్కుంటూ పెద్దపేగుకి చేరుతుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వదులుతాయి. ఉబ్బరం అదే. మన కణాలేవీ హైడ్రోజన్ వాయువును తయారు చేయలేవు. అందుకే లాక్టోజ్ తాగించి, ఊపిరిలో హైడ్రోజన్ పెరిగిందా అని కొలుస్తారు. పేగులో జరిగేది ఊపిరిలో తెలిసిపోవడం ఎంత అందమైన విషయం!

పెరుగులో తోడు బాక్టీరియా రాత్రికి రాత్రే కొన్ని కాడులు విప్పేస్తాయి. మిగిలినవి విప్పే ఎంజైమునూ తమతో మన పేగులోకి తెస్తాయి. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 10 గ్రాములుంటుంది. కాఫీలో పోసే కాసిని పాలతో చాలామందికి ఇబ్బంది రాదు. ఆ అమ్మాయి గ్లాసు పాలు మానితే చాలు, పెరుగు, మజ్జిగ వదులుకోనక్కర్లేదు.

బడిలో పాలు సంపూర్ణాహారమని చెప్తారు గానీ వాటిలో ఇనుము బాగా తక్కువని చెప్పరు. చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందని ఇప్పటికీ పిల్లల్ని భయపెడుతున్నారు. రోగనిరోధక వ్యవస్థ చర్మంలోని రంగు కణాల మీద దాడి చేస్తే వచ్చేది బొల్లి. ఆ భయం పిల్లలకి పెట్టకండి.

తెల్లన్నంలో కథ తలకిందులు. అక్కడ విప్పే ఎంజైములకి కొదవ లేదు. అన్నంలో ఎక్కువగా ఉండే అమైలోపెక్టిన్ వేల గ్లూకోజ్‌లు కొమ్మలు కొమ్మలుగా అల్లుకున్న పదార్థం, ఒకేసారి చాలాచోట్ల తెగుతుంది. పాలిష్ పట్టడంతో తవుడు, దాంతోపాటు పీచు, బి1 విటమిన్ పోయుంటాయి. గ్లూకోజ్ రక్తంలోకి గుంపుగా వచ్చిపడుతుంది.

చిత్తూరు వైపు తినే రాగి గింజ మరీ చిన్నది. తవుడు తీయడం కష్టం కాబట్టి పొట్టుతోనే పిండి పడుతుంది. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకి పైనే, అంతే ఆవుపాలలో సుమారు 120. రాగుల్లోనే ఉండే ఫైటిక్ ఆమ్లం ఆ కాల్షియాన్ని కొంత పట్టి ఉంచుతుంది. రాగులు మొలకెత్తించినా, అంబలిగా పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. అయితే పిండి మెత్తనయ్యేకొద్దీ, జావ బాగా ఉడికేకొద్దీ గ్లూకోజ్ త్వరగా విడుదలవుతుంది. షుగర్ ఉన్నవాళ్లు జావ మీద జావ తాగకుండా, సంగటి ముద్ద చిన్నది చేసుకుని, ఆకుకూరలతో చేసే పులగూర ఎక్కువ పెట్టుకోవాలి.