నీళ్ళలో ఊరు, నూనెలో ముక్క

పిల్లలూ,

మొన్న రాత్రి మజ్జిగన్నంలో ఆవకాయ నంజుకుంటూ కూర్చున్నాను. ఫోను మోగింది. అవతల మా మనవరాలు, తొమ్మిదేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి, మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తుంది. అక్కడి బళ్ళకు నవంబరు మొదట్లో కొన్నాళ్ళు సెలవులిస్తారు. అల్లుడికి సెలవు దొరకలేదు. తల్లీకూతుళ్ళిద్దరే రైలెక్కి వెనిస్ చూడ్డానికి వెళ్ళారు.

"తాతయ్యా, ఇటు చూడు" అని ఫోను కిందికి వంచింది. రాతిమెట్లు కనిపించాయి. పై మెట్లు పొడిగా తెల్లగా ఉన్నాయి. కింది మెట్లకు ఆకుపచ్చటి పాచి. ఆ కింద నీళ్ళు. "ఆ పాచి మీద కాలు పెట్టావంటే ఊరుకోను" అని వెనకనుంచి వాళ్ళమ్మ కేక. అప్పుడు వేసింది పిల్ల ప్రశ్న.

"ఈ ఊరంతా కర్రల మీద నిలబడిందట తాతయ్యా. వందల ఏళ్ళనుంచి అవి నీళ్ళ కిందే ఉన్నాయట. మరి మన పెరట్లో గేటు పక్కన పాతిన గుంజ రెండు వానాకాలాలకే పుచ్చిపోయిందిగా? ఇవెందుకు పుచ్చిపోలేదు?"

వాళ్ళమ్మ ఇంజనీరే. అయినా "తాతయ్యనే అడుగు" అని తప్పించుకుంది. నేనూ తక్కువ తిన్నానా, "రేపు చెబుతానమ్మా" అని ఫోను పెట్టేశాను. జవాబు మాత్రం కంచంలోనే ఉంది, నాకు చెయ్యి కడుక్కునేటప్పుడు తట్టింది. దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

ముందు ఊరి సంగతి. ఇటలీ పటంలో ఈశాన్యపు మూల చూడండి. సముద్రానికీ నేలకూ మధ్య పెద్ద ఉప్పునీటి కయ్య ఉంటుంది. పులికాట్ సరస్సు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. సముద్రం వైపు ఇసుకదిబ్బలు, వాటి మధ్య సందుల్లోంచి ఆటుపోట్లు. ఆ కయ్యలో నూటపద్దెనిమిది దాకా చిన్న లంకలు, వాటిని కలుపుతూ నాలుగు వందలకు పైగా వంతెనలు. అదే వెనిస్. ఊరి లోపల కారు లేదు, ఆటో లేదు. అంబులెన్సూ పడవే, చెత్తబండీ పడవే. రైలు మాత్రం మూడున్నర కిలోమీటర్లకు పైగా ఉన్న వంతెన మీదుగా నీళ్ళు దాటి వస్తుంది. 1846లో వేశారు ఆ వంతెన. స్టేషన్ బయటికి రాగానే మా అమ్మాయి ఫోన్ చేసి, "ఆటోలు ఆగాల్సిన చోట పడవలాగి ఉన్నాయి నాన్నా" అంది. ఆ గొంతు వింటే అది మళ్ళీ మీ వయసు పిల్లయిపోయిందనిపించింది.

లంకలు అన్నాను గానీ అది గట్టినేల కాదు, బురద. బురదలో రాతిగోడ లేపితే ఏమవుతుంది? దిగబడుతుంది. అందుకని వాళ్ళు ముందు గుంజలు దిగ్గొట్టారు. ఓక్, లార్చ్, ఆల్డర్ లాంటి చెట్ల కొయ్యలు. చాలావరకు ఒక మీటరు నుంచి మూడున్నర మీటర్ల పొడుగు. పెద్ద పొడుగేం కాదు, మన పందిరి గుంజలకు అన్నల్లాంటివి. కానీ ఎన్నని! దగ్గర దగ్గరగా, వెలుపలినుంచి లోపలికి చుట్లు తిరుగుతూ దిగ్గొట్టుకొస్తే మధ్యలో బురద ఒత్తుకుని గట్టిపడుతుంది. కొట్టేవాళ్ళు లయ తప్పకుండా పాట పాడేవాళ్ళట. చిన్నప్పుడు మా ఇంటి గచ్చుకు దిమ్మిస కొట్టిన ఆడవాళ్ళు కూడా పాడుతూనే కొట్టేవాళ్ళు. పాట ఆగితే దిమ్మిస ఆగేది. మా నాన్న అరుగు మీద కూర్చుని, "పాట ఏదమ్మా?" అనేవాడు, "పని ఏదమ్మా?" అనేవాడు కాదు.

గుంజల తలలమీద పలకలు, పలకలమీద నీళ్ళు తాగని తెల్లరాయి, ఆపైన ఇటుక గోడలు. 1588లో మొదలుపెట్టి 1591లో ముగించిన రియాల్టో వంతెన కింద పన్నెండు వేల గుంజలున్నాయంటారు. 1630లో ప్లేగు వచ్చి ఊళ్ళో జనం రాలిపోతుంటే, ఈ గండం గట్టెక్కితే గుడి కడతామని మొక్కుకుని కట్టిన సాల్యూతె చర్చి కిందయితే పది లక్షలు దాటాయని చెబుతారు. ఆ కలపలో చాలావరకు కొండలమీద నరికి, నదిలో తెప్పలు కట్టి తెచ్చిందే.

సరే, ఇక ఆవకాయ.

మా నాయనమ్మ ఆవకాయ కలిపి జాడీకెత్తి, మూతికి గుడ్డతో వాసెన కట్టేది. కట్టేముందు ఒకటే మాట: "ముక్క మునగాలి, నూనె తేలాలి." నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ నిద్రపోతుంటే, పీట వేసుకుని కొట్టుగదిలో జాడీ అందుకున్నాను. చెయ్యి శుభ్రంగా ఉండాలి కదా అని బుద్ధిగా కడుక్కుని మరీ పెట్టాను. తుడుచుకోలేదు. మంచి టెంక ముక్క కోసం అడుగునుంచి కెలికి, ఒకటి తీసుకుని, మిగతావి ఎలా ఉంటే అలా వదిలేసి వాసెన కట్టేశాను. శ్రావణమాసంలో నాయనమ్మ విప్పి చూసింది. నూనెకు పైన నిక్కి ఉన్న ముక్కలమీద తెల్లగా బూజు. లోపల మునిగినవి మాత్రం ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఆవిడ నావైపు చూసి, "ఈ ఇంట్లో ఎలుకలకు రెండే కాళ్ళు" అంది. పై పొర తీసి పారేసి, నూనె కాచి చల్లార్చి మళ్ళీ పోసింది. ఆ ఏడంతా నన్ను కొట్టుగది గడప తొక్కనివ్వలేదు.

ఇప్పుడు చూడండి. బూజు కూడా ఒక ప్రాణే. దానికి తిండి కావాలి, చెమ్మ కావాలి, గాలి కావాలి. మూడూ దొరికితేనే దాని కాపురం. కర్రను పుచ్చబెట్టేదీ ఆ బూజు జాతే. వెనిస్ గుంజలకు తడికి కొదవలేదు, తినడానికి కర్రా ఉంది. గాలి లేదు. నీళ్ళతో నిండిన చిక్కటి బురదలో గాలి దాదాపు ఉండదు. అక్కడ బురద చేసేది మన జాడీలో నూనె చేసే పనే. గుంజ మొత్తం మునిగింది, బూజుకు ఊపిరాడలేదు.

మర్నాడు ఫోనులో ఇది చెప్పేసరికి నాకు భలే హుషారొచ్చింది. జాడీ అంటే ఆ కయ్య, ముక్కలంటే గుంజలు, నూనె అంటే బురద, ఉప్పు ఎలాగూ సముద్రంలోనే ఉంది, వాసెన గుడ్డ అంటే పైన పరిచిన తెల్లరాయి అని వరసపెట్టి చెప్పుకుపోయాను. "మరి కారం?" అంది పిల్ల. "అక్కడి హోటళ్ళ బిల్లులు. మీ అమ్మనడుగు" అన్నాను. వాళ్ళమ్మ పక్కనుంచి, "గొండోలా అరగంటకి తొంభై యూరోలు నాన్నా" అని మొత్తుకుంది. గొండోలా అంటే అక్కడి సన్నటి పొడుగాటి తెడ్డుపడవ. ఎక్కలేదట. దాని బదులు ఇద్దరూ పెద్దకాలవను అడ్డంగా దాటించే బల్లకట్టు లాంటి పడవెక్కారు, మనిషికి రెండు యూరోలు. అదీ గొండోలాయే, కాకపోతే చాలామంది నిలబడే దాటతారు. పిల్ల వాళ్ళమ్మ చున్నీ రెండు చేతులా పట్టుకుని నిలబడిందట. దాటడానికి రెండు మూడు నిమిషాలు, దాని గురించి చెప్పడానికి ఇరవై నిమిషాలు.

ఇంకో మాట. అన్ని వందల ఏళ్ళు నీళ్ళలో నాని కర్ర రాయిగా మారిపోయిందని కొందరు చెబుతారు. నమ్మకండి. కర్ర కర్రే. గాలి అంతగా అక్కర్లేని సూక్ష్మజీవులు కొన్ని అక్కడా ఉంటాయి. అవి కర్రను నెమ్మదిగా, చాలా నెమ్మదిగా కొరుకుతాయి. కొరికినచోట నీళ్ళు నిండుతాయి, చుట్టూ బురద ఒత్తిపట్టి ఉంచుతుంది, గుంజ ఆకారం చెదరదు. మూడో ఏటి ఆవకాయ ముక్క బూజు పట్టకపోయినా కాస్త మెత్తబడుతుంది చూశారా, అలాగన్నమాట.

చిన్నప్పుడు మా ఊళ్ళో నుయ్యి పూడిక తీసిన రోజు ఇలాంటిదే ఒకటి చూశాను. ఇసుకనేలలో నుయ్యి తవ్వితే అడుగున నేరేడు చెక్కతో చట్రం వేసి, దానిమీద ఇటుక కట్టుకొస్తారు. ఆ రోజు నీళ్ళు తోడేశాక నాన్న మోకుపట్టుకుని దిగి, "రండిరా చూద్దురుగాని" అని పిలిచాడు. భయపడుతూ తొంగిచూశాం. అడుగున చట్రం బొగ్గులా నల్లగా ఉంది. నాన్న చాకుతో గుచ్చి చూపించాడు, మొన కూడా దిగలేదు. అది మా ముత్తాత వేయించిన చట్రమట. నేరేడు చెక్కకు సహజంగా ఉన్న గట్టిదనం కొంత, గాలి తగలకపోవడం కొంత. ఆ ముక్క అప్పుడెవరూ చెప్పలేదు, "నేరేడు చెక్క నీళ్ళలో కుళ్ళదురా" అని మాత్రం అన్నారు.

అన్నట్టు వెనిస్ వీధి కూడళ్ళలోనూ రాతి ఒరలున్న నూతులు కనిపిస్తాయట. ఊటబావులు కావు. చుట్టూ ఉన్నది ఉప్పునీళ్ళు కదా, వానచుక్కలు కూడలి రాళ్ళ సందుల్లోంచి దిగి, కింద పోసిన ఇసుకలో వడకట్టుకుని నూతిలో చేరేవి. 1884లో కొళాయి నీళ్ళు వచ్చేదాకా ఊరంతా వాటినే తాగింది. మా అమ్మాయి పిల్లని అలాంటి ఒక నూతి పక్కన నిలబెట్టి ఫొటో తీసి పంపింది. ఇప్పుడు మూతలు వేసేశారు.

ఫొటో అంటే గుర్తొచ్చింది. సెయింట్ మార్క్ చౌకులో ఎర్రటి గంటగోపురం ముందు ఇద్దరూ నవ్వుతూ నిలబడ్డ ఫొటో కూడా వచ్చింది. ఆ గోపురానికో కథ ఉంది. 1902 జూలై 14 ఉదయం అది ఉన్నపళంగా కుప్పకూలింది. పగుళ్ళు చూసి ముందే జనాన్ని పంపేశారు కాబట్టి మనుషులెవరూ పోలేదు. కాపలాదారు పిల్లి మాత్రం పోయింది. కూలింది ఇటుక. పునాది తవ్వి చూస్తే వెయ్యేళ్ళనాటి గుంజలు గట్టిగానే ఉన్నాయి! నన్నయగారు భారతం తెలుగు చేయడం మొదలుపెట్టకముందే నరికిన కొయ్యలవి. వాటిని అలాగే ఉంచి, చుట్టూ కొత్త గుంజలు దిగ్గొట్టి, 1912కల్లా పాతదాని లాంటి గోపురమే అక్కడే నిలబెట్టారు. దీన్ని నేనింకేం విడమరిచి చెప్పను? కాసేపు ఊరికే తలుచుకోండి, చాలు.

మరి వెనిస్‌కు దిగుల్లేదా అంటే ఉంది. ముక్క మునిగిన చోట భయం లేదు గానీ, సముద్రమట్టం పెరిగింది, నేలా కుంగింది. పోటునీళ్ళు తెల్లరాయి దాటి ఇటుకను తాకుతున్నాయి. ఉప్పు ఇటుకలోకి పాకి గోడ పెచ్చులూడుతుంది. సముద్రపుటొడ్డున ఇల్లున్నవాళ్ళకు ఇది కొత్త కాదు. 1966 నవంబరులో పోటు నూట తొంభైనాలుగు సెంటీమీటర్లకు లేచి ఊరిని ముంచింది. 2019లో ఇంచుమించు అంతపనీ చేసింది. ఇప్పుడు కయ్య సందుల్లో 78 పెద్ద తలుపులు నీటి అడుగున పడుకోబెట్టి ఉంచారు. పెద్దపోటు వస్తుందంటే వాటిలోకి గాలి కొడతారు, నీళ్ళు పోయి తలుపులు పైకి లేచి సముద్రానికి అడ్డం నిలబడతాయి. నిజమైన పోటుకు మొదటిసారి లేచింది 2020 అక్టోబరు 3న. కింద గాలి తగలనీయకుండా కాపాడుకున్న ఊరు పైన గాలినే కాపలా పెట్టుకుంది! ఇక్కడికొచ్చేసరికి నా ఆవకాయ జాడీ చేతులెత్తేసింది, నిజమే.

ఫోనులో చివర నేను ఊరుకోకుండా, "చూశావా అమ్మా, సగం మునిగి సగం తేలేదే పాడవుతుంది. నువ్వు టీవీ ముందు కూర్చుని హోంవర్కు చేస్తావే, అదీ అంతే" అన్నాను. పిల్ల ఒక్కక్షణం ఆలోచించి, "కప్ప కూడా సగం లోపల సగం బయట ఉంటుంది కదా తాతయ్యా, బాగానే ఉందిగా" అంది. వాళ్ళమ్మ నవ్వు ఇక్కడిదాకా వినిపించింది. నేను దగ్గాను.

కానీ మర్నాడు పొద్దున ఆ పిల్లే నాకో ఫొటో పంపింది, అడక్కుండానే. నీళ్ళలో పడవలు కట్టుకునే గుంజ. నీళ్ళకు పైన లావుగా ఉంది. కింద నీళ్ళ లోపలా లావుగానే కనిపిస్తోంది. ఆటుకూ పోటుకూ మధ్య, రోజూ తడిసి రోజూ ఆరే ఆ జానెడు మేర మాత్రం ఎవరో కొరికినట్టు సన్నబడి ఢమరుకంలా ఉంది. ఇలాంటి గుంజల్ని మాత్రం మారుస్తూనే ఉండాలట. ఫొటో కింద ఒకటే మాట రాసింది: "బూజు ముక్క."

మీకు వెనిస్ అక్కర్లేదు. ఈ ఆదివారం పెరట్లోకో పొలం గట్టుకో వెళ్ళండి. పాతదైన కంచె గుంజ ఒకటి వెతకండి. పైన వేలితో నొక్కండి, తర్వాత నేల మట్టం దగ్గర నొక్కండి. పెద్దవాళ్ళనడిగి గుంజను మెల్లగా పెకలించి, అడుగున మట్టిలో ఉన్న కొస ఎలా ఉందో చూడండి. మూడుచోట్లా ఎలా ఉందో నాకు రాయండి. పురుగూ పుట్రా ఉంటాయి, చెప్పులేసుకుని వెళ్ళండి.

మీ
తాతయ్య