పాపం, పశ్చాత్తాపం, కృప: ఒక పాస్టర్‌గా నేను తరచూ వినే అపోహలు

ఆరాధన అయిపోయి కుర్చీలు సర్దుతుంటే ఎవరో ఒకరు వెళ్లకుండా ఆగిపోతారు. కాసేపు వేరే సంగతులు మాట్లాడి, గొంతు తగ్గించి అసలు మాట చెబుతారు. "దేవుడు నన్ను క్షమించడేమో అయ్యగారూ" అంటారు కొందరు. "కృప ఉంది కదా, అంత టెన్షన్ ఎందుకు" అంటారు ఇంకొందరు. కృప అంటే మన అర్హత చూడకుండా దేవుడు చూపే దయ. పైకి ఈ రెండు మాటలకూ పొంతన లేదు. కానీ ఇద్దరూ పశ్చాత్తాపాన్ని క్షమాపణకు కట్టే ధరగానే చూస్తున్నారు. అంత కట్టే స్తోమత తమకు లేదని మొదటివాళ్ల బెంగ. యేసు కట్టేశాడు కాబట్టి ఇక మనకు పని లేదని రెండోవాళ్ల ధీమా.

అపోహ: బాగా ఏడిస్తే పశ్చాత్తాపపడినట్టే.

వాస్తవం: యేసును డబ్బుకు శత్రువులకు అప్పగించిన శిష్యుడు యూదా కూడా కుమిలిపోయాడు. ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చాడు, "నిరపరాధిని అప్పగించి పాపం చేశాను" అని ఒప్పుకున్నాడు కూడా. అక్కడ మన తెలుగు బైబిల్లో "పశ్చాత్తాపపడి" అనే ఉంటుంది. అయితే మత్తయి వాడిన గ్రీకు మాట, మనం మారుమనస్సు అని చదువుకునే 'మెటనోయ' ఒకటి కావు. మెటనోయ అంటే మనసు మారడం. పాత నిబంధన ప్రవక్తలు వాడిన హెబ్రీ మాట 'షూబ్' ఇంకా సూటిగా ఉంటుంది: వెనక్కి తిరిగి రావడం. యేసును ఎరగనని బొంకిన శిష్యుడు పేతురూ ఆ రాత్రే వెక్కివెక్కి ఏడ్చాడు, కానీ తిరిగి ప్రభువు దగ్గరికే వచ్చాడు. యూదా రాలేదు. తేడా కన్నీళ్లలో లేదు, అడుగులు ఎటు పడ్డాయో దానిలో ఉంది.

ఒకాయన ప్రతి ప్రార్థన కూటంలోనూ మోకాళ్ల మీద ఉండి ఏడ్చేవాడు. సొంత తమ్ముడి దగ్గర తీసుకున్న డబ్బు ఎగ్గొట్టాడు. "తమ్ముడికి ఫోన్ చేశారా?" అని ఒకరోజు అడిగాను. ఏడుపు ఆగిపోయింది. ఫోన్ తీసి, తమ్ముడి పేరు దాకా వెళ్లి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. కొన్ని వారాల తర్వాత తనే వచ్చి నా పక్కన కూర్చుని ఫోన్ చేశాడు. ఆ రోజు ఏడవలేదు. చేతులు మాత్రం వణికాయి. ఎంత బాకీ ఉన్నాడో అంకెతో సహా చెప్పాడు. మారుమనస్సు అనే మాట వింటే నాకు ఆ చేతులే గుర్తొస్తాయి.

అపోహ: ముందు మనం మారాలి, తర్వాతే దేవుడు దగ్గరికి రానిస్తాడు.

వాస్తవం: లూకా 19లో, యేసును చూడటానికి చెట్టెక్కిన సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) జక్కయ్య కథను వరస చూసుకుంటూ చదవండి. "నేడు నేను నీ ఇంట ఉండాలి" అని యేసు అన్నప్పటికి జక్కయ్య ఏమీ తిరిగి ఇవ్వలేదు, ఇస్తానని మాటా ఇవ్వలేదు. ఆ మాట విని చెట్టు దిగాడు. ఆ తర్వాతే సగం ఆస్తి బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. తప్పు తనంతట తాను ఒప్పుకున్నవాడు అసలుతో పాటు అయిదో వంతు కలిపి ఇస్తే చాలని సంఖ్యాకాండం 5లో ఉంది. అతను లెక్క దాటి ఇచ్చాడు. ఎవరూ అడగలేదు. గుమ్మంలోకి వచ్చిన కృప అతని చేత అది చేయించింది.

అపోహ: కృప కింద ఉన్నాం కాబట్టి పాపాన్ని అంత సీరియస్‌గా తీసుకోనక్కర్లేదు.

వాస్తవం: ఈ ప్రశ్న అపొస్తలుడైన పౌలు రోజుల్లోనే ఉంది. "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు" అని రోమా పత్రిక 6లో తేల్చేశాడు. భక్తిహీనతను వదిలిపెట్టమని మనకు నేర్పేది కృపే అని తన సహచరుడు తీతుకు రాశాడు కూడా. పాపానికి వాడే ఒక హెబ్రీ మాటకు గురి తప్పడం అని అర్థం. న్యాయాధిపతులు 20లో తలవెంట్రుకకైనా గురి తప్పకుండా వడిసెల రాయి విసరగల 700 మంది ఎడమచేతివాటం వీరుల గురించి చెప్పేటప్పుడు కూడా అదే క్రియ వాడారు. గురి తప్పిన రాయి గాలిలో మాయమైపోదు, ఎవరికో తగులుతుంది. దావీదు రాజు బత్షెబతో పాపం చేసి, ఆమె భర్త ఊరియాను చంపించాడు. ఆ పాపం ఊరియాకు తగిలింది, బత్షెబకు తగిలింది, పుట్టిన బిడ్డకూ తగిలింది. ప్రవక్త నాతాను దావీదుతో "యెహోవా నీ పాపాన్ని పరిహరించాడు" అన్నాడు. ఆ బిడ్డ మాత్రం బతకలేదు. క్షమాపణ నిజం, ఫలితమూ నిజం. ఈ రెండోది చెప్పకుండా కృపను బోధించడం నాకు చేతకాదు.

అందుకే ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఇంట్లో ఎవరినైనా కొట్టినవాడు, పిల్లల మీద చెయ్యి వేసినవాడు "ప్రభువు క్షమించాడు, బయటికి చెప్పొద్దు" అంటే, అది పశ్చాత్తాపం కాదు. బాధితుల పక్షాన పోలీసుల దగ్గరికి వెళ్లడం కృపకు విరోధం కాదు.

అపోహ: నేను క్షమాపణ లేని పాపం చేసేశాను.

వాస్తవం: పరిశుద్ధాత్మను దూషిస్తే క్షమాపణ లేదన్న యేసు హెచ్చరిక మార్కు 3లో ఉంది. అది ఎవరికి వచ్చిందో చూడండి. కళ్లెదుట ఆత్మ చేసిన మేలు చూసి, అది దయ్యం పని అని మొండిగా అన్న శాస్త్రులకు, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితులకు. వాళ్లలో భయం లేదు, దుఃఖం లేదు. నిద్రపట్టక, ఆ భయంతోనే నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఆ మొండితనం నాకు కనిపించలేదు.

అపోహ: నిజంగా మారుమనస్సు పొందినవాడు మళ్లీ పడడు.

వాస్తవం: "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" అని యోహాను రాసింది విశ్వాసులకే, తనను కూడా కలుపుకుని. 1517లో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ పెట్టిన 95 వాదాల్లో మొదటిదే, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని ప్రభువు కోరాడన్నది. పడటం వేరు, పడినచోట ఇల్లు కట్టుకోవడం వేరు. "మళ్లీ అదే చేశాను అయ్యగారూ" అని వచ్చినవాళ్లతో "ఏదో పొరపాటు" అనిపించను, ఆ పాపానికి పేరు పెట్టించి చెప్పిస్తాను. దావీదు పశ్చాత్తాప ప్రార్థన అయిన 51వ కీర్తన ఇద్దరం కలిసి చదువుతాం. మళ్లీ శోధన వచ్చే వేళ ఏదో వాళ్లకే బాగా తెలుసు. ఆ వేళకు నాకు ఫోన్ చేయమని చెప్పి పంపిస్తాను.