అడవిలో ఒంటరిగా టెంట్: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని మహేంద్రగిరి కొండ కింది ఊళ్ల దగ్గర టెంట్లు వేయించడం మా పని. ఆఫీసు టెన్షన్ తట్టుకోలేక విశాఖ, శ్రీకాకుళం నుంచి ఒక్కరే వచ్చేవాళ్లు చాలామంది. తప్పకుండా రండి. కాకపోతే కొన్ని మాటలు నమ్మి రాకండి.

అపోహ: ఒంటరిగా అంటే ఎవరికీ చెప్పకుండా వెళ్లడం.

టెంట్‌లో ఒక్కరే ఉండండి, ఫోన్ ఆపేయండి. కానీ మీరు ఏ గట్టు మీద పడుకున్నారో కింద సవర గిరిజనుల ఊళ్లో ఒకరికైనా తెలియాలి. కాలు బెణికితే ముందుగా వచ్చేది వాళ్లే. ఏనుగులు ఏ వైపు తిరుగుతున్నాయో చెప్పేదీ వాళ్లే. లఖరి లోయ లాంటి అభయారణ్యంలోకైతే పర్మిట్ లేకుండా అడుగుపెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

అపోహ: మంట వేస్తే జంతువులు రావు.

మార్చి, ఏప్రిల్‌లో ఇప్పచెట్టు కింద చూడండి. తెల్లవారేసరికి లేత పసుపు పూలు నేలంతా రాలి, తియ్యటి వాసన వస్తుంటుంది. నేల చదునుగా, నీడగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే టెంట్ వేస్తారు. ఆ పూల కోసమే ఎలుగుబంటి రాత్రిపూట వస్తుంది. ఆకలి మీదున్న ఎలుగు మీ మంట చూసి వెనక్కి పోతుందన్న నమ్మకం లేదు. పండిన పనసకాయలున్న చోట ఏనుగుల సంగతీ అంతే. పైగా ఆ నెలల్లో ఎండుటాకుల మీద నిప్పురవ్వ పడితే కొండే అంటుకుంటుంది. గెడ్డలో, అంటే కొండవాగులో, ఇసుక మెత్తగా ఉందని అక్కడా పడుకోకండి. జంతువులు నీళ్లకు వచ్చే దారి అది. పైన వాన పడితే చెప్పకుండా నీళ్లొస్తాయి.

అపోహ: ఉప్పు, కార్బాలిక్ యాసిడ్ చల్లితే పాము రాదు.

వస్తుంది. దాన్ని ఆపేది పూర్తిగా మూసిన జిప్పే. కట్లపాము రాత్రే తిరుగుతుంది, నిద్రలో కాటేస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు. రెప్పలు వాలిపోవడం, కడుపునొప్పి, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. కోయకండి, గట్టిగా కట్టకండి, నాటుమందు జోలికి పోకండి. కాటుపడ్డ చోటు కదలకుండా చూసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పామును పట్టి చూపించక్కర్లేదు. మన దగ్గరుండే విరుగుడు ఇంజక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది.

అపోహ: ఒక్క రాత్రికే టెన్షన్ పోతుంది.

కొత్తచోట మొదటి రాత్రి సరిగా నిద్ర పట్టదు. మహేంద్రగిరి శిఖరం ఎత్తు 1,501 మీటర్లు, ఎక్కేకొద్దీ చలి కూడా పెరుగుతుంది. అందుకే రెండు రాత్రులు పెట్టుకోమంటాను. ఇంగ్లండులో దాదాపు 20 వేల మందితో చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, వారానికి కనీసం 120 నిమిషాలు పచ్చదనంలో గడిపేవాళ్లు ఆరోగ్యంగా, హాయిగా ఉన్నామని ఎక్కువగా చెప్పారు. అంటే ఏడాదికోసారి కొండెక్కినా, ప్రతి వారం ఊళ్లో చెట్ల మధ్య నడక మానకూడదు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని అనిపించకపోయినా ఆ స్థితిలో ఒంటరిగా అడవికి రావొద్దు. 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు.

అపోహ: తిరిగొచ్చాక జ్వరం వస్తే అది అలసటే.

ఈ కొండల్లో ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ఉంది. దోమ కుట్టిన వారం, రెండు వారాల తర్వాత బయటపడవచ్చు. అడవిలో పడుకున్నానని డాక్టర్‌కు ముందే చెప్పి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి.