క్లస్టర్ తలనొప్పికి "తలలో మిషన్": అపోహలు - వాస్తవాలు

ఇందుకూరుపేట వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చాడు. ఏమీ చెప్పకుండా ముందు ఫోన్‌లో వీడియో చూపించాడు. అర్ధరాత్రి, చెరువు గట్టు. కూర్చోలేక, పడుకోలేక తల పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. కుడి కన్ను ఎర్రబడింది, రెప్ప సగం వాలింది, ఆ ఒక్క కంటి నుంచే నీళ్లు కారుతున్నాయి. సైనస్ అని మందులు వాడాడు, రెండు పళ్లు పీకించుకున్నాడు. నిజానికి అది క్లస్టర్ తలనొప్పి: తలకి ఒక పక్కనే, కంటి చుట్టూ, విడతలుగా వచ్చే తీవ్రమైన నొప్పి. "తలలో మిషన్ పెడితే పూర్తిగా పోతుందంట కదా సార్?" అన్నాడు. ఈ ప్రశ్న ఈమధ్య తరచుగా వింటున్నాను.

అపోహ: మిషన్‌ని మెదడులో పెడతారు.
వాస్తవం: సాధారణంగా కాదు. తల వెనక, మెడ పైభాగంలో ఆక్సిపిటల్ నరాల దగ్గర చర్మం కింద సన్నని తీగలు పెట్టి, ఛాతీలోనో పొట్టలోనో చర్మం కింద అమర్చిన బ్యాటరీకి కలుపుతారు. అది ఆ నరాలకి కొద్దిపాటి కరెంటు ఇస్తుంది. మెదడు లోపల తీగ పెట్టే పద్ధతి వేరు. అందులో రక్తస్రావం ప్రమాదం ఉంది, చాలా అరుదుగా చేస్తారు.

అపోహ: పెట్టించుకుంటే ఇక నొప్పి రాదు.
వాస్తవం: ఈ మిషన్‌పై 2021లో వెలువడిన ఐకాన్ అనే పరిశోధనలో కొందరికి పూర్తి కరెంటు, కొందరికి 30 శాతమే ఇచ్చారు. రెండు వర్గాల్లోనూ నొప్పులు ఇంచుమించు సగానికి తగ్గాయి. సగానికే, సున్నాకి కాదు. తీగ జరగొచ్చు, చీము పట్టొచ్చు, బ్యాటరీ అయిపోతే మళ్లీ ఆపరేషన్. ముక్కు వెనక నరాల ముడి దగ్గర పెట్టే ఒక పరికరం యూరప్‌లో బాగానే పనిచేసింది. కానీ 2019లో దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి, పెట్టించుకున్నవాళ్లు సర్వీసు లేక నానా అవస్థ పడ్డారు. సర్వీసు ఎవరు చేస్తారో ముందే అడగండి.

అపోహ: క్లస్టర్ ఉన్నవాళ్లందరికీ పెట్టొచ్చు.
వాస్తవం: ఏడాదికి పైగా మూడు నెలల విరామం కూడా లేకుండా నొప్పి వస్తూ, మందులకు లొంగనివాళ్లకే. మన రైతుకి ఏడాదిలో రెండు నెలలే వస్తుంది.

అపోహ: నొప్పి వచ్చినప్పుడు ఆక్సిజన్ పెట్టి చూశాం, పనిచేయలేదు.
వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ముక్కు గొట్టాలతో మూడు నాలుగు లీటర్లు పెడితే చాలదు. సంచి ఉన్న మాస్క్‌తో నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు, నొప్పి మొదలవగానే, 15-20 నిమిషాలు పీల్చాలి. ఏరేటర్లు ఆలస్యంగా ఆన్ చేస్తే రొయ్య దక్కదని తెలిసిన మనిషి, ఆ "మొదలవగానే" అన్న మాట వెంటనే పట్టుకున్నాడు. ఊపిరితిత్తుల జబ్బు ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఆ గదిలో బీడీ, దీపం ఉండకూడదు.

ఆయనకి ఈసీజీ తీసి, నొప్పులు రాకుండా వాడే వెరాపమిల్ అనే మందు మొదలుపెట్టాం, ఇంటికి ఆక్సిజన్ సిలిండర్ రాసిచ్చాం. మాస్క్ బిగించడం వాళ్ల ఆవిడకి నా ముందే మూడుసార్లు చేయించాను.