నడినెత్తిన తెల్ల మచ్చ

విజయనగరంలో గంటస్తంభం వైపు వెళ్తుంటే అప్పుడప్పుడు సైకిల్ వెనక అట్టపెట్టెలో గులాబీ, ఆకుపచ్చ, వంకాయ రంగు కోడిపిల్లలు కనిపిస్తాయి. "అన్నీ పెట్టలే అమ్మా, గుడ్లు పెడతాయి" అంటాడు అమ్మే అతను. నమ్మకండి. అవి చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీ, అంటే గుడ్లు పొదిగించే కేంద్రం, పక్కన పెట్టేసిన పుంజులే. గుడ్లు పెట్టవు, మాంసానికి త్వరగా ఎదగవు, అందుకే అంత చవక. పుట్టిన రోజే అవి పుంజులని హేచరీకి ఎలా తెలిసింది?

మనుషుల్లో ఆడా మగా అన్నది తండ్రి ఇచ్చే క్రోమోజోమ్ (కణంలో జన్యువులను మోసే పోగు) తేలుస్తుంది. కోళ్లలో ఆ పని తల్లిది. పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెట్ట తన ఒక్క జెడ్‌ను కొడుకుకే ఇస్తుంది, కూతురి చేతిలో డబ్ల్యూ పెడుతుంది. కాబట్టి జెడ్ మీదున్న రంగు జన్యువు తల్లి నుంచి కొడుకుకు అందుతుంది గాని కూతురికి అందదు. మన ఇళ్లలో ఆస్తి పంపకంలాంటిదే!

అమెరికా జాతి బార్డ్ ప్లిమత్ రాక్ కోడికి నల్లని ఈకల మీద అడ్డంగా తెల్ల చారలుంటాయి. ఆ చారల జన్యువు ఉన్నది జెడ్ మీదే. ఈ పెట్టకు చారల్లేని రోడ్ ఐలండ్ రెడ్ అనే ఎర్ర జాతి పుంజును జత చేసి, గుడ్లు పొదిగిస్తే 21 రోజులకు నల్లటి పిల్లలు వస్తాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని నడినెత్తి చూడండి. నల్లని నూగులో తెల్ల మచ్చ ఉంటే పుంజు, లేకపోతే పెట్ట. పెరిగాక కొడుకులకు తల్లి చారలొస్తాయి, కూతుళ్లు నల్లగానే ఉండి మెడ దగ్గర కొద్దిగా ఎర్రబడతాయి. అదే చారల పుంజుకు ఎర్ర పెట్టను జత చేస్తే పిల్లలన్నీ చారలవే, గుట్టు తెలియదు.

చారలు ఇలా లింగాన్ని అనుసరించి వస్తాయని అమెరికాలో స్పిల్‌మన్ అనే శాస్త్రవేత్త 1908లో చెప్పాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మేత కొరత వచ్చినప్పుడు, రంగు చూసి పుంజుపిల్లల్ని ముందే ఏరేయవచ్చని ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పున్నెట్ అనే జన్యుశాస్త్రవేత్త సూచించాడు. 1929లో అక్కడే క్యాంబర్ అనే జాతి తయారైంది. అందులో కొడుకుకు చారల జన్యువు రెండింతలు అందుతుంది, కూతురికి ఒక్కటే. అందువల్ల తరతరానా పుంజుపిల్లల నూగు లేతగా ఉంటుంది.

బొబ్బిలి దగ్గర పల్లెలో ఉన్న మా పిన్ని పెరట్లో ఇదేమీ నడవదు. డేగ, కాకి, నెమలి అంటూ పుంజుల రంగుకో పేరు పెట్టుకున్న ఊళ్లో, పిల్లల తండ్రి ఏ వీధి పుంజో ఎవరికీ తెలియదు. తల్లీ తండ్రీ రంగులు ఎంచి జత చేస్తేనే పిల్లల రంగు మాట్లాడుతుంది. మొన కోసుగా ఉన్న గుడ్డులో పుంజు ఉంటుందని పిన్ని నమ్మకం. గుడ్డు ఆకారం తల్లి అండవాహికలో ఏర్పడేది, లోపలి పిల్లతో దానికి సంబంధం లేదు. చెప్పాను, వినలేదు.

సైకిల్ పెట్టెలోని పిల్లలు ఎక్కువగా తెల్ల లెగ్‌హార్న్ అనే గుడ్ల కోళ్ల రకం. రంగు వేయకముందు ఆడా మగా అన్నీ పసుపే, మచ్చ ఉండదు. వాటికి రెక్క చూస్తారు. ఈకలు ఆలస్యంగా వచ్చే తల్లికి, త్వరగా వచ్చే తండ్రిని జత చేస్తారు, ఆ జన్యువూ జెడ్ మీదిదే. రెక్క విప్పితే పెట్టపిల్లకు కింది వరస ఈకలు పై వరస కంటే పొడుగ్గా ఉంటాయి. పుంజుపిల్లకు రెండూ సమానం, లేదా కిందివే పొట్టి. ఒకటి రెండు రోజులు దాటితే ఈ తేడా చెరిగిపోతుంది.

పిన్ని మనవరాలు కొన్న వంకాయ రంగు పిల్లకు నెల తిరిగేసరికి ఆ రంగు పోయి తెల్ల ఈకలొచ్చాయి. మరో రెండు వారాలకు నెత్తిన జుట్టు ఎర్రగా లేచింది. పిన్ని దానికేసి కాసేపు చూసి, సంక్రాంతికి ఇంకా ఎన్ని నెలలుందో వేళ్ల మీద లెక్కపెట్టింది.