రాజు వద్దన్నవాళ్లు ఇంట్లో ఏం చేశారు? అరాజకవాదం - స్త్రీవాదం: అపోహలు, వాస్తవాలు

రాజకీయ తత్వశాస్త్రం క్లాసులో బోర్డు మీద ‘అరాజకవాదం’ అని రాస్తే, నోట్సుల్లో సగం మంది ‘అరాచకవాదం’ అని దించుకుంటారు. తప్పు పిల్లలది కాదు. దోపిడీ జరిగినా, దొమ్మి జరిగినా పేపర్లో కనిపించే మాట అదే. మాట పుట్టుకలో ఉన్నది మాత్రం రాజు లేకపోవడమే, దౌర్జన్యం కాదు. ఇంగ్లిష్ మాట ‘అనార్కిజం’కున్న గ్రీకు మూలానికి కూడా ‘ఏలిక లేని’ అనే అర్థం. రాజ్యమూ, ఎవరి పెత్తనమూ లేకుండానే మనుషులు కలిసి బతకగలరన్న వాదం ఇది. ఆ గందరగోళం తీరకముందే పక్కన ‘స్త్రీవాదం’ అని రాస్తానా, ఇక ప్రశ్నలే ప్రశ్నలు. ఏళ్ల తరబడి వింటున్నవాటిలో మళ్లీ మళ్లీ ఎదురయ్యేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అన్ని రకాల పెత్తనాన్నీ కాదన్నవాడు మగవాడి పెత్తనాన్నీ కాదన్నట్టే. కాబట్టి అరాజకవాది ఎలాగూ స్త్రీవాదే.

వాస్తవం: తర్కం ప్రకారం అంతే. చరిత్రలో మాత్రం అలా జరగలేదు. ‘నేను అరాజకవాదిని’ అని తన గురించి తానే చెప్పుకున్న తొలి ఆలోచనాపరుడు ప్రూధోఁ. ఆస్తి అంటే దొంగతనమేనని 1840లో రాసి ఫ్రాన్సులో కలకలం రేపాడు. ఆయనే ఆడదానికి రెండే దారులన్నాడు: ఇల్లాలు కావాలి, లేదంటే వేశ్య కావాలి. రాజ్యాన్నీ ఆస్తినీ చర్చినీ చూసిన భూతద్దాన్ని ఇంటి గుమ్మం దాకా వచ్చి జేబులో పెట్టేసుకున్నాడన్నమాట.

జెన్నీ దెరికూర్, జూలియెట్ లాంబెర్ లాంటి రచయిత్రులు ఆయన్ని అప్పుడే ఉతికి ఆరేశారు. సొంత శిబిరంలోంచి కూడా ఒక దెబ్బ పడింది. గోడలకు కాగితాలు అంటించి బతికే జోసెఫ్ దెజాక్, ప్రవాసంలో న్యూ ఆర్లీన్స్‌లో ఉండగా, 1857లో ప్రూధోఁకి బహిరంగ లేఖ రాశాడు. స్త్రీని పక్కన పెట్టాక నువ్వు అరాజకవాదివి ఎలా అవుతావని నిలదీశాడు. నువ్వు ఉత్త ఉదారవాదివే తప్ప ‘లిబెర్తేర్’వి (స్వేచ్ఛావాదివి) కావన్నాడు. ఆ ‘లిబెర్తేర్’ అనే మాటను రాజకీయార్థంలో పుట్టించింది ఈ లేఖే. తర్వాత అరాజకవాదులు గర్వంగా తమకు తాము పెట్టుకున్న పేరు అది. ఆడవాళ్ల విషయంలో వచ్చిన తగాదాలోంచే ఆ పేరు పుట్టిందని చెప్తే క్లాసులో ఎప్పుడూ కాసేపు నిశ్శబ్దం.

అపోహ: ఈ రెంటినీ ముడిపెట్టడం 1970ల నాటి ఫ్యాషన్.

వాస్తవం: 1896లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్‌లో శ్రామిక స్త్రీలు ‘లా వోస్ దె లా ముహేర్’ (స్త్రీ గొంతు) అనే పత్రిక తెచ్చారు. దేవుడూ వద్దు, యజమానీ వద్దు, మొగుడూ వద్దు అన్నది వాళ్ల నినాదం. మొదటి సంచిక రాగానే మండిపడ్డవాళ్లలో తోటి అరాజకవాద పురుషులూ ఉన్నారు. రెండో సంచికలో వాళ్లకు గట్టి జవాబే దొరికింది. 1907లో టోక్యోలో ఉంటూ హో-యిన్ జెన్ అనే చైనా మహిళ తన పత్రికలో ఇంకో మెట్టు పైకెక్కింది. తండ్రి ఇంటిపేరు ‘హో’ పక్కన తల్లి ఇంటిపేరు ‘యిన్’ కూడా చేర్చుకున్న మనిషి. కొద్దిమంది పైవర్గం స్త్రీలు పార్లమెంటులోకి వెళ్తే కింది స్త్రీని ఏలేవాళ్లు మారతారే గానీ ఏలుబడి పోదని వాదించింది. మగవాళ్లు స్త్రీ విముక్తి గురించి ఉపన్యాసాలిచ్చేది తమ పేరు కోసం, తమ సౌకర్యం కోసం కాదా అనీ అడిగింది. ఆ ప్రశ్న చదివినప్పుడల్లా నాకు కాస్త గుచ్చుకుంటుంది.

అపోహ: వీళ్లు ఓటు హక్కును ఎగతాళి చేశారు, అంటే స్త్రీల హక్కులకే వ్యతిరేకులు.

వాస్తవం: ఈ మాట ఎక్కువగా అమెరికాలో పనిచేసిన అరాజకవాది ఎమ్మా గోల్డ్‌మన్ మీద వస్తుంది. స్త్రీకి ఓటు ఉండకూడదని ఆమె అనలేదు. ఆడవాళ్లు ఓటేస్తే రాజకీయాలు కడిగిన ముత్యంలా అవుతాయన్న నమ్మకాన్ని వెక్కిరించింది. మగవాళ్లను విడిపించని ఓటు ఆడవాళ్లను ఎలా విడిపిస్తుందన్నది ఆమె ప్రశ్న. అదే గోల్డ్‌మన్ 1916లో గర్భనిరోధం గురించి బహిరంగంగా మాట్లాడినందుకు అరెస్టయి, 100 డాలర్ల జరిమానా కట్టనని 15 రోజులు జైల్లో ఉంది. ఎవరి హక్కులకు వ్యతిరేకి అనాలి ఆమెని?

నా మట్టుకు ఆమె ఓటును మరీ తేలిగ్గా తీసిపారేసిందనే అనిపిస్తుంది. ఆస్తి, విడాకులు, పిల్లల మీద హక్కు అన్నీ చట్టంతో ముడిపడి ఉన్నప్పుడు, ఆ చట్టం రాసేచోట మాట లేకపోవడం చిన్న విషయమేమీ కాదు.

అపోహ: ‘డాన్స్ చేయనివ్వకపోతే మీ విప్లవం నాకొద్దు’ అని ఆమే కదా అన్నది?

వాస్తవం: ఆ వాక్యం ఆమెది కాదు. 1973లో టీ-షర్టుల మీద వేయడానికి తయారైంది. ఉద్యమకారిణి అలా గంతులేయడమేంటని ఒక కుర్రాడు మందలిస్తే తనకు ఒళ్లు మండిందని ఆత్మకథలో రాసుకుంది, అంతవరకే నిజం.

అపోహ: వాళ్ల ‘స్వేచ్ఛా ప్రేమ’ అంటే విచ్చలవిడితనం.

వాస్తవం: కోపం వచ్చే అపోహ ఇది. ఇద్దరి మధ్య బంధానికి చర్చి, సర్కారు అనుమతి అక్కర్లేదని, ఇష్టం లేనినాడు కాదనే హక్కు భార్యకు ఉండాలని దాని అర్థం. ముఖ్యమైంది ఆ రెండోదే. అమెరికాలోని కాన్సాస్‌లో మోజెస్ హార్మన్ అనే సంపాదకుడు 1886లో ఒక ఉత్తరం అచ్చువేశాడు. కాన్పు తర్వాత గాయం మానకముందే ఒక భర్త భార్యపై బలాత్కారం చేసిన సంగతి అందులో ఉంది. అప్పటి చట్టం దృష్టిలో భర్త చేసింది నేరం కాదు. ఆ సంగతి అచ్చువేసి పోస్టులో పంపడం అశ్లీలం, అది నేరం. 1890లో జైలుకెళ్లింది సంపాదకుడు. అతనికి అండగా అరాజకవాద రచయిత్రి వోల్టెరీన్ డి క్లెయిర్ చేసిన ప్రసంగంలో, పెళ్లి పేరుతో స్త్రీ శరీరం మీద మగవాడికి దఖలు పడే హక్కును బానిసత్వమనే పిలిచింది. విచ్చలవిడితనం ఎవరిదో మీరే చెప్పండి.

అపోహ: 1936 స్పెయిన్ విప్లవంలో అరాజకవాదులు స్త్రీపురుష భేదం లేకుండా చేసేశారు.

వాస్తవం: అదే నిజమైతే ‘ముహేరెస్ లిబ్రెస్’ (స్వేచ్ఛా మహిళలు) అనే సంఘం అవసరమే ఉండేది కాదు. లూసియా సాంచెస్ సావోర్నిల్, మెర్సెదెస్ కోమాపోసాదా, అంపారో పోచ్ ఇ గాస్కోన్ అనే ముగ్గురు దాన్ని మొదలుపెట్టారు. యూనియన్ మీటింగులో ఆడవాళ్లు నోరు తెరిస్తే మగవాళ్లు నవ్వడం, పట్టించుకోకపోవడం చూసి విసిగినవాళ్లు వీళ్లు. సభ్యులు 20,000 దాటారు. చదువు రానివాళ్లకు తరగతులు పెట్టారు, వృత్తి శిక్షణ ఇచ్చారు. తల్లులు మీటింగులకు వెళ్లగలిగేలా పిల్లల్ని చూసుకోవడానికి ఇళ్లకే మనుషుల్ని పంపేవాళ్లు. ఆ చివరిది ఎన్ని తీర్మానాలకు సమానమో సంసారం చేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

తమాషా ఏమిటంటే వాళ్లు తమను స్త్రీవాదులని పిలుచుకోలేదు. ఆ మాట వాళ్లకు పైవర్గం ఆడవాళ్ల వ్యవహారంలా వినిపించేది. 1938లో, ఉద్యమంలో తమనూ స్వతంత్ర విభాగంగా గుర్తించమని అడిగితే ఉద్యమం కాదంది. వేరు కుంపటి ఐక్యతను దెబ్బతీస్తుందట. ఈ ‘ఐక్యత’ అనే మాట ఎప్పుడు, ఎవరి నోట వస్తుందో గమనించండి. ఇక అరాజకవాది ఫెదెరికా మోంత్‌సేని 1936లోనే స్పెయిన్‌కు తొలి మహిళా మంత్రి అయింది. రాజ్యం వద్దన్న మనిషి మంత్రి కావడం, మహిళల ప్రత్యేక సంఘం మాత్రం అక్కర్లేదనడం! దాని మీద చర్చ మొదలైతే ఒక పీరియడ్ చాలదు.

అపోహ: నాయకులు, నియమాలు తీసేస్తే పెత్తనం దానంతటదే పోతుంది.

వాస్తవం: దీనికి సాక్షిని నేనే. మా అధ్యయన బృందంలో అధ్యక్షుడూ వద్దు, కార్యదర్శీ వద్దు అనుకున్నాం. ఆరు నెలలు తిరిగేసరికి, వచ్చే వారం ఏం చదవాలో మీటింగయ్యాక మెట్ల మీద నిలబడి ఇద్దరు మగవాళ్లు తేల్చేస్తున్నారు. అందులో ఒకణ్ణి నేను. లోపల కుర్చీలు సర్దేదీ, మినిట్స్ రాసేదీ ఆడవాళ్లు. ఒకావిడ ఓ రోజు మినిట్స్ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, ‘వచ్చే నెలంతా మీరు రాయండి సార్, మెట్ల మీద అనుకున్నవి కూడా’ అంది. తల దించుకుని రాశాను.

ఈ జబ్బును అమెరికా మహిళా విముక్తి బృందాల్లో చూసి జో ఫ్రీమన్ 1970లోనే మాట్లాడింది. నిర్మాణం లేని బృందమంటూ ఉండదు. పైకి కనిపించేది లేకపోతే స్నేహాల చాటున దాక్కున్నది ఏలుతుంది. కనిపించని నాయకుణ్ణి దించడమెలా? తర్వాత వ్యాసంగా వచ్చిన ఆ మాటల్ని అరాజకవాదం మీదికి కర్రలా విసిరేవాళ్లు ఎక్కువ. కానీ ఆమె సూచించిన మందు చూడండి: పని ఒప్పజెప్పి లెక్క అడగడం, బాధ్యతలు వంతులవారీగా మార్చడం, సమాచారం అందరికీ అందనివ్వడం. అరాజకవాద యూనియన్లకు ఇవేవీ కొత్త కాదు.

అపోహ: రాజ్యాన్ని, పోలీసును తీసేస్తే ఆడవాళ్లకు దిక్కెవరు? అందుకే ఈ రెండు వాదాలకూ ఎప్పటికీ పొసగదు.

వాస్తవం: మొదటి సగం అపోహ కాదు, అసలైన ప్రశ్న. పొసగదన్నది మాత్రం తొందరపాటు. 2001లో అమెరికాలో స్త్రీలపై హింసను ఎదిరించే ‘ఇన్‌సైట్’, జైళ్లు వద్దనే ‘క్రిటికల్ రెసిస్టెన్స్’ అనే సంఘాలు కలిసి ఒక ప్రకటన చేశాయి. అవి అరాజకవాద సంఘాలని అనను. ప్రశ్న మాత్రం ఇదే. హింసను ఆపడానికి పోలీసు మీద, జైలు మీద ఆధారపడితే పేద స్త్రీలకు, నల్లజాతి స్త్రీలకు హింస ఇంకో ద్వారంలోంచి వస్తుందని మహిళా ఉద్యమానికి చెప్పాయి. అదే ప్రకటనలో జైళ్లు వద్దనేవాళ్లనూ వదల్లేదు: ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషికి మీరు చూపించే దారేదీ?

క్లాసులో ఈ ప్రకటన చదివించినప్పుడల్లా కుర్రాళ్లు మొదటి సగం కింద గీత గీస్తారు, అమ్మాయిలు రెండో సగం కింద. కిందటేడు ఒకమ్మాయి రెంటి కిందా గీసి, పక్కన మార్జిన్లో పెన్సిలుతో ‘ఈ రాత్రికి?’ అని రాసింది. ఆ కాగితం ఇంకా నా టేబుల్ మీదే ఉంది.